పాట లోకానిది, పేరు కవిది

పాట నోటికెక్కిన తరువాత కవి చేతిలో నిలువదు. ఊరూరా తిరుగుతుంది, గొంతు మారినప్పుడల్లా కొంత మారుతుంది, పాడినవాడు దానిని తనదే అనుకొంటాడు. ఇది పాటకు దక్కిన గౌరవమే. కాని ఆ గౌరవం చాటున ఒక నష్టం పొంచి ఉన్నది. పాట ఎంత దూరం పోతే కవి పేరు అంత వెనుకబడుతుంది. చివరకు “ఎవరో జానపదుడు కట్టినది” అన్న ఒక్క మాట మిగులుతుంది. ఆ మాటలో వినయం ఉన్నట్లే తోస్తుంది. అయితే కవి బ్రదికి ఉండగానే ఆ మాట వినవలసి వస్తే దానిని వినయమని ఎట్లు అనగలం?

తూర్పు కనుమల పాటలను గురించి ఆలోచించినప్పుడు ఈ ప్రశ్న తప్పించుకొనరానిది. పార్వతీపురం, సాలూరు, కురుపాం, పాలకొండ, అరకులోయ, పాడేరు మొదలయిన ప్రాంతాలను కలిపి నేడు అరకు లోకసభ నియోజకవర్గమని పిలుస్తున్నాము. ఆ పార్వతీపురానికి చేరువనున్న పెదబొండపల్లిలో 1943లో వంగపండు ప్రసాదరావు జన్మించారు. విశాఖపట్నం షిప్‌యార్డులో కార్మికుడుగా పనిచేశారు. గద్దర్, బి. నర్సింగరావు ప్రభృతులతో కలిసి 1972లో జననాట్యమండలికి పునాది వేశారు. మూడు వందలకు పైగా పాటలు కట్టారు. “భూమి భాగోతం” అనే నృత్యరూపకం రచించారు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలోనే కన్నుమూశారు. ఆయన పేరు ఎరుగని ఇండ్లలో కూడ “ఏం పిల్లడో ఎల్దమొస్తవా” అన్న పాట వినిపిస్తుంది. పాటకు ఇంతకంటె విజయం లేదు. కవికి ఇంతకంటె అన్యాయమూ లేదు.

ఆ పాట వెనుక ఉన్న చరిత్ర చిన్నది కాదు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు శ్రీకాకుళం కొండలలో గిరిజన సంఘాన్ని నిలబెట్టారు. పోడుభూమి, అటవీ ఫలసాయం, షావుకారు అప్పు, వెట్టిచాకిరి, ఇవి ఆ సంఘం ఎత్తిన సమస్యలు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద జరిగిన కాల్పులలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. అటుపిమ్మట పోరాటం సాయుధమైనది. 1970 జూలైలో ఆ ఉపాధ్యాయులిద్దరూ మరణించారు. ఆ పోరాటపు మార్గాన్ని గురించి పాఠకులకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కాని ఆ కొండలలో జరిగినదానిని లోకానికి వినిపించినది చరిత్ర గ్రంథాలకంటె పాటలే అన్నది అందరూ ఒప్పుకొనవలసిన మాట.

వంగపండు పాట కొండకు పోదాం రమ్మని తోటివారిని పిలిచే పిలుపు. సంతకో తీర్థానికో పిలిచినంత తేలికగా ఆరంభమవుతుంది. తరువాత మెత్తని ప్రాణులు సైతం కత్తి పట్టుకొనే వింతలోకం కంటి ముందు నిలుస్తుంది. వేళాకోళం వలె మొదలయినది వెన్ను నిమిరి లేపుతుంది. భాష ఉత్తరాంధ్ర భాష; నడక జానపదుల నడక. ఈ రెండింటి వలననే, వినినవారు దీనికి కర్త ఉన్నాడని మరచిపోయారు. జానపద ఫణితిని అంత సహజంగా పట్టుకొనగలగటం కవి ప్రతిభ. ఆ ప్రతిభయే ఆయన పేరును కప్పివేసినది.

ఆర్. నారాయణమూర్తి తీసిన “అర్ధరాత్రి స్వాతంత్ర్యం” చిత్రం ద్వారా 1986లో ఈ పాట వెండితెర కెక్కింది. అక్కడి నుండి దాని ప్రయాణం మరింత వేగమయినది. 2009లో విడుదలైన “మగధీర” చిత్రంలోని ఒక పాటలో దీని పల్లవి మాటలు వినిపించాయి. తన అనుమతి లేకుండా వాడుకొన్నారని వంగపండు అభ్యంతరం తెలిపారు. సంగతి పత్రికల కెక్కినది. ఆ వివాదంలోని న్యాయాన్యాయాల విచారణ ఇక్కడ మన పని కాదు. అప్పటికి కవి జీవించి ఉన్నాడు. వేదికలెక్కి పాడుతూనే ఉన్నాడు. అయినప్పటికీ తన పాట తనదని ఆయనే చెప్పుకొనవలసి వచ్చినది. మనం గమనించవలసినది ఇదే.

ఒక ఆక్షేపణ రావచ్చు. “ప్రజాకవి ప్రజల నుండి బాణీ తీసుకొన్నాడు, ప్రజలకే తిరిగి ఇచ్చాడు. ఇక ఆయనకు పేరెందుకు, ప్రతిఫలమెందుకు?” అని. ఇది తీసివేయదగిన వాదం కాదు. ఉద్యమ కవులలో పేరు దాచుకొన్నవారు అనేకులు. అది కొందరికి ఆదర్శం, కొందరికి ప్రాణరక్షణ. జముకుల కథను పోరాటానికి ఆయుధం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసు కాల్పులలో మరణించారు. అట్టి వారికి కర్తృత్వపు లెక్కలు చూచుకొనే తీరిక ఎక్కడిది? నిజమే. కాని కవి తన పేరును తాను త్యజించటం వేరు, ఇతరులు దానిని తుడిచివేయటం వేరు. మొదటిది త్యాగం. రెండవదానికి త్యాగమని పేరు పెట్టరాదు. ప్రజలు ఉచితంగా పాడుకొన్న పాటకు లెక్క అడిగినవారు లేరు. అమ్మకానికి పెట్టినచోటనే లెక్క పుట్టుతుంది.

మన చట్టం ఈ సంగతిని స్పష్టంగానే చెప్పినది. 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం, రచయిత తన హక్కులను అమ్ముకొన్న తరువాత కూడ “ఈ రచన నాది” అని చెప్పుకొనే హక్కు ఆయనకు మిగిలి ఉంటుంది. ఆయన తరువాత వారసులు ఆ హక్కును కోరవచ్చును. రచయిత మరణించిన ఏడాది ముగిసినది మొదలు అరువది సంవత్సరాలు కాపీరైటు చెల్లుతుంది. ఆ లెక్కన వంగపండు పాటలకు 2080 చివరి వరకు రక్షణ ఉన్నది. 2012లో వచ్చిన సవరణ ప్రకారం, రికార్డయిన పాటను మరొకరు తిరిగి పాడి రికార్డు చేయదలచినచో ఐదేండ్లు ఆగాలి, ముందుగా తెలియజేయాలి, ప్రతిఫలం చెల్లించాలి. కాని తరతరాలుగా వచ్చిన జానపద గేయాలకు ఇందులో ప్రత్యేక రక్షణ లేదు. “జానపదం” అన్న ముద్రకు గల ఆకర్షణ ఇక్కడనే ఉన్నది. ఆ ముద్ర వేస్తే అడుగవలసిన అనుమతీ ఉండదు, చెల్లించవలసిన రుసుమూ ఉండదు.

ఇది మన దేశానికే పరిమితమయిన కథ కాదు. దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండా అనే జూలూ గాయకుడు 1939లో “ఎంబూబే” అన్న పాట రికార్డు చేశాడు. జూలూ భాషలో ఆ మాటకు సింహమని అర్థం. పది షిల్లింగులకు దాని హక్కులు చేతులు మారాయి. అమెరికాలో పీట్ సీగర్ బృందం వారికి ఆ మాట “విమొవే” అని వినబడినది. పాట ఆ పేరుతోనే ప్రచారమయినది. 1961లో మరో బృందం ఆంగ్ల సాహిత్యం చేర్చి పాడగా అది లోకమంతటా మారుమ్రోగినది. మరుసటి యేడు లిండా పేదరికంలోనే మరణించాడు. ఆయన కుమార్తెలు వ్యాజ్యం వేయగా 2006లో రాజీ కుదిరింది. తండ్రి పాట తండ్రిదని ఒప్పించటానికి ఇంత కాలం పట్టినది.

మన విశాఖపట్నంలోనే మరొక నిదర్శనం ఉన్నది. దేశమంతటా బడిపిల్లలు చేసే ప్రతిజ్ఞను 1962లో అక్కడ ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రచించారు. అది ఇతర భాషలలోనికి పోయినది. పాఠ్యపుస్తకాలలో మాత్రం చాలాకాలం రచయిత పేరు లేకుండానే అచ్చయినది. పిల్లలకు ప్రతి అక్షరమూ కంఠస్థమే. వ్రాసినవాని పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక నిజంగా కర్త తెలియని పాటల మాట ఏమిటి? అరకులోయలో మోరి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మ్రోగుతుండగా స్త్రీలు చేతులు కలిపి ధింసా ఆడతారు. ఆ పాటలను ఒకరు కట్టలేదు, ఊళ్లు కట్టాయి. యాత్రికుల వినోదానికి, సినిమా సందడికి వాటిని తీసుకొనేవారు వ్యక్తి పేరు చెప్పలేరు. కాని ఏ ఊరిలో విన్నారో, ఏ తెగవారు పాడారో, అది ఏ భాషయో చెప్పటానికి అడ్డమేమున్నది? సవరల నోటి భాషను వారి నడుమనే నేర్చి 1931లో దానికి వ్యాకరణం వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులుగారు మనకు మార్గం చూపే ఉన్నారు. కొండభాషలకు ఆయన చూపిన గౌరవంలో పదవ వంతు మన రంగస్థలాలకు, సంగీత సంస్థలకు ఉన్నా చాలును.

చేయవలసిన పని పెద్దది కాదు. వేదిక మీద పాట ఎత్తుకొనే ముందు కవి పేరు ఒక్కమారు చెప్పాలి. రికార్డు మీద, చిత్రం పేర్లలో, పాఠ్యపుస్తకంలో పాట ప్రక్కనే ఆ పేరు అచ్చు వేయాలి. కర్త తెలియనప్పుడు ఊరిని, తెగను పేర్కొనాలి. “జానపదం” అని వ్రాసే ముందు, కట్టినవారు ఎవరైనా ఉన్నారేమో ఒకమారు విచారించాలి. ఇందుకు కాలం ఖర్చుకాదు, ధనం ఖర్చుకాదు.

పాట లోకానిదే. దానిని ఎవరూ కాదనరు. కాని లోకం తన సొత్తుగా చేసుకొన్నదానికి ఇచ్చినవాని పేరు కలిపి చెప్పుకొంటే పాట తరుగదు. పార్వతీపురం కొండల క్రింద పుట్టిన ఆ పాట ఇంకొక నూరు గొంతులలో పలికినా మంచిదే. ఆ నూరు గొంతులూ వంగపండు పేరును కూడ పలకాలి.