కొత్త టీవీకి నెట్ రావడం లేదా? వాపసు ఇచ్చే ముందు రౌటర్ చూడండి

కదిరికి పోయి స్మార్ట్ టీవీ కొని తెచ్చారు. తనకల్లులో ఇంటికి చేరగానే గోడకు బిగించారు. ఇంట్లో ఫోన్లన్నిటికీ వైఫై వస్తోంది, టీవీలో మాత్రం ‘ఇంటర్నెట్ లేదు’ అని చూపిస్తోంది. పిల్లలు యూట్యూబ్ కోసం, నానీ సౌదీలో ఉన్న కొడుకు పంపిన వీడియోలు పెద్ద తెర మీద చూడాలని కూర్చున్నారు. టీవీ పాడైందనుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి.

ఫోన్‌లో మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ ఆన్ చేసి, టీవీని దానికి కనెక్ట్ చేయండి. యూట్యూబ్ నడిచిందా? అయితే టీవీ బాగానే ఉంది. సమస్య మీ రౌటర్ సెట్టింగుల్లో ఉన్నట్టే.

ఫైర్‌వాల్ ఏం చేస్తుంది?

రౌటర్‌లోని ఫైర్‌వాల్ ఇంటి గేటు దగ్గర కాపలాదారు లాంటిది. లోపలివాళ్లు బయటికి వెళ్తే ఆపదు. బయటివాళ్లు పిలవకుండా లోపలికి వస్తే ఆపుతుంది. మామూలు సెట్టింగులో టీవీకి దీనివల్ల ఇబ్బంది రాదు. పిల్లల కోసమో భద్రత కోసమో మనం అదనంగా పెట్టిన రూల్స్ దగ్గరే చాలాసార్లు చిక్కు వస్తుంది.

వరసగా ఇవి చూడండి

1. తేదీ, టైం: టీవీలో తేదీ తప్పుగా ఉంటే సర్వర్లు పంపే భద్రతా సర్టిఫికెట్లను అది నమ్మదు. వైఫై కనెక్ట్ అయినట్టే ఉంటుంది, యాప్‌లు తెరుచుకోవు. తేదీని చేత్తో సరిచేయండి.

2. అనుమతి జాబితా: రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ పెట్టి ఉంటే, జాబితాలో లేని కొత్త పరికరాన్ని అది రానివ్వదు. టీవీ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఉండే మ్యాక్ అడ్రస్‌ను ఆ జాబితాలో చేర్చండి. రౌటర్ పేజీ అడ్రస్, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉంటుంది.

3. సెక్యూరిటీ లెవెల్: ‘హై’లో ఉంటే ‘మీడియం’ చేసి చూడండి. బయటికి వెళ్లే పోర్టుల మీద రూల్స్ పెట్టి ఉంటే 443, 53, 123 తెరిచి ఉండాలి. మొదటిది యాప్‌లకు, రెండోది సైట్ల పేర్లు వెతకడానికి, మూడోది టైం సరిచేసుకోవడానికి.

4. పిల్లల ఫిల్టర్: చెడ్డ సైట్లు రాకుండా పెట్టిన ఫిల్టర్ ఒక్కోసారి టీవీ కంపెనీ సర్వర్‌నూ ఆపేస్తుంది. ఐదు నిమిషాలు ఆపి చూడండి. టీవీ పనిచేస్తే ఫిల్టర్ మళ్లీ ఆన్ చేసి, టీవీకి మాత్రమే మినహాయింపు ఇవ్వండి. అప్పుడు టీవీ యాప్‌లలోనే పిల్లల లాక్ పెట్టడం మర్చిపోవద్దు.

5. ఫోన్ తెర టీవీలో రాకపోతే: ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే దొరకదు. ఫైబర్ డబ్బాతో పాటు ఇంకో రౌటర్ ఉంటే, రెండింటినీ ఒకే డబ్బాకు కనెక్ట్ చేయండి.

ఇవి మాత్రం చేయొద్దు

టీవీ కోసం ఫైర్‌వాల్ పూర్తిగా తీసేయొద్దు. డీఎంజెడ్ కూడా ఆన్ చేయొద్దు. ఇంట్లో బ్యాంకు యాప్‌లున్న ఫోన్లు కూడా అదే నెట్ మీద నడుస్తాయి. రౌటర్ వెనకున్న రీసెట్ బటన్ నొక్కి పట్టుకోవద్దు. కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పోతే ఆపరేటర్ వచ్చేదాకా ఎవరికీ నెట్ ఉండదు. ఏది మార్చినా ముందు ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. గూగుల్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోన్ చేస్తే, యాక్టివేషన్ ఫీజు కట్టమని అడిగే మోసగాళ్లున్నారు. టీవీలో యూట్యూబ్ యాక్టివేషన్‌కు పైసా కట్టక్కర్లేదు. టీవీ డబ్బా మీద, వారంటీ కార్డు మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.