పని ఎన్ని దినములు వెనుకబడినది?

పెన్నానదిపై సంగము వద్ద నూతన బ్యారేజికి 2006లో శంకుస్థాపన జరిగినది. 2022 సెప్టెంబరు 6వ తేదీన అది ప్రారంభోత్సవమునకు నోచుకొన్నది. ఆలస్యము పదునారేండ్లని చెప్పుట సులభము. కాని అది కొలత కాదు. ఒప్పందములోని గడువు ఏది, అది ఎవరివలన, ఏ పనివద్ద, ఎన్ని దినములు జరిగినది తెలిసిననే లెక్క తేలును. పంచాయతీ కట్టించు తుపాను ఆశ్రయభవనమునకును ఈ లెక్కయే వర్తించును.

నెల్లూరు తీరమున ఏటి వానలో సగమునకు పైగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. ఇది ఎరిగియు నవంబరులో పునాదులు త్రవ్వబూనిన కంట్రాక్టరు, వాన అడ్డుపడినదనుట సాకు మాత్రమే. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద వంటిది వేరు.

అయితే ఆగస్టు 1వ తేదీన స్థలము అప్పగింపవలసిన పంచాయతీ, ఆక్రమణలు తొలగింపలేక సెప్టెంబరు 30న అప్పగించినదనుకొందము. పోయినవి 60 దినములే యని సభ్యులు తలంతురు. కాని ఎండ దినములలో ముగియవలసిన పునాది వానలలో పడి, గోతులు నీట నిండి, పని జనవరి వరకు సాగలేదు. ఆ వాన దినములును చాలవరకు పంచాయతీ పద్దులోనే పడును. ఇందుకు భిన్నముగా, తలుపులు పది దినములు ఆలస్యముగా వచ్చినను, అప్పటికి శ్లాబు ఇంకను సెంట్రింగు మీదనే యున్నచో, భవనము ఒక్క దినమైనను వెనుకబడలేదు.

ఆలస్యమునకు తోడు అంతరాయమను మరియొక నష్టము కలదు. ఇది కంటికి కనబడదు. మురుగుకాలువ పనిలో ఇరువదిమంది కూలీలు మొదట దినమునకు 10 మీటర్లు కట్టిరి. పిమ్మట ప్రక్క చేని నీరు వదలుటచే, అదే కూలీలు 5 మీటర్లే కట్టగలిగిరి. పని ఒక్కనాడును ఆగలేదు. అయినను 60 మీటర్లకు ఆరు దినములకు బదులు పండ్రెండు పట్టినవి. ఆటంకము లేని భాగముతో ఆటంకము గల భాగమును పోల్చుటయే దీనికి తగిన కొలమానము. కూలీల సంఖ్య, నేల, పనిముట్లు రెండింటను ఒకటిగా ఉండవలెను. లేనిచో పోలిక చెల్లదు.

ఇంజనీరు కొలతల పుస్తకము ఎంత కట్టిరో చెప్పును గాని, ఎందుకు కట్టలేదో చెప్పదు. కావున ప్రతి సాయంకాలము వచ్చిన కూలీలు, కురిసిన వాన, ఆగిన గంటలు, ఆగిన కారణము ఒక రిజిస్టరులో వ్రాసి, ఉభయపక్షములును సంతకము చేయవలెను. ఏడాది తరువాత జ్ఞాపకముమీద వ్రాసిన కారణములను ఎదుటిపక్షము సులభముగా త్రోసివేయును.

గడువే ప్రధానమైన ఒప్పందములలో మరియొక సంగతి గమనింపదగినది. గడువు దాటిన పనిని స్వీకరించునప్పుడే నష్టపరిహారము కోరుదుమని తెలియజేయనిచో, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 55వ సెక్షను ప్రకారము, ఆలస్యపు నష్టమును పిమ్మట అడుగుటకు వీలులేదు. భవనపు తాళములు పుచ్చుకొను దినముననే ఆ నోటీసు వ్రాతమూలకముగా ఈయవలెను.