పాట కలిపిన చుట్టరికము



పొలమునుండి వచ్చిన పిల్లవాడు కాళ్లు కడుగుకొని, చేతిఫోను పట్టుకొని గోడ కానుకొని కూర్చుండును. కొంతసేపు పాడును, కొంతసేపు నవ్వును, ఎవరికో జవాబు వ్రాయును. ఎవరురా యని యడిగినచో "మా ఘంటసాల గ్రూపువాళ్లు" అనును. వారిది ఏ యూరో మనకు తెలియదు. ఎవరి బిడ్డలో తెలియదు. ముఖము చూచినవారును కారు. ఇట్టివారు స్నేహితు లెట్లగుదురని మన పెద్దలలో పలువురు నన్నడిగియున్నారు. ఆ యడుగుటలో కోపముకంటె భయమే హెచ్చుగా నాకు కానవచ్చినది. అందుచేత ఒక పాటనో, ఒక గాయకునో అభిమానించువారి నడుమ పుట్టెడి దోస్తానా యెట్టిదో, దానివలన ప్రయోజన మేమో నేడు మనవి చేయదలచితిని.

ముందుగా మన యెరుకలోని సంగతినే తీసికొందము. గోదావరికి ఈ దరిని మన లక్సెట్టిపేట సీమలోను, ఆ దరిని ధర్మపురి, జగిత్యాల సీమలలోను చిరుతల రామాయణ మాడిన పల్లె లెన్నియో కలవు. మీలో కొందరు స్వయముగా వేషము కట్టినవారై యుందురు. పంటపనులు తీరిన దినములలో గురువును రావించి, రాత్రులందు పాఠము వల్లించి, చేత చిరుతలు పట్టి గుండ్రముగా తిరుగుచు ఆడుదురు గదా! రాముని వేషగాడు పగలు నాగలి పట్టినవాడే. అతనికి చరణము నడుమ ఊపిరి చాలనప్పుడు వంతవారు అందుకొందురు. చూచువారును ఊరకుండరు. రామపాత్రధారిని మెచ్చి ఫలానివారు పది రూపాయలు చదివించిరని కేక వేయింతురు. ఆ పది రూపాయలతో ఎవడును మేడ కట్టలేదు. కాని నలుగురి నడుమ తన వేషమునకు మెప్పు వినబడిన రామునకు మరునాటి రాత్రి గొంతు మరికొంత లేచును. నేను చెప్పబోవు స్నేహమంతయు ఈ వంత వంటిదే.

రేడియో వచ్చిన పిమ్మట ఈ వంత ఊరి పొలిమేర దాటినది. 1935లో నిజాము ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొన్న హైదరాబాదు రేడియోలో ఉర్దూకే అగ్రపీఠము. తెలుగు మాట విరివిగా వినవలెనన్నచో 1938లో ఆరంభమైన మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరులో వెలసిన విజయవాడ కేంద్రమును ఆశ్రయింపవలసి యుండెను. 1950లో హైదరాబాదు కేంద్రమును ఆకాశవాణిలో చేరినది. తరువాత 1952 ప్రాంతమున కేంద్రమంత్రి కేస్కరుగారు సినిమా పాటలు చౌకబారు వని తలచి ఆకాశవాణిలో వానికి చోటు తగ్గించిరి. మంత్రిగారి సంగీతాభిరుచి గొప్పదే కావచ్చును. శ్రోతలు మాత్రము మారు పలుకక రేడియో ముల్లును సింహళమువైపునకు త్రిప్పిరి. అదే 1952లో సిలోను రేడియోనుండి అమీన్ సయానీగారి బినాకా గీత్‌మాలా మొదలైనది. తెలుగు పాటలకు అచ్చట మీనాక్షీ పొన్నుదురైగారి కంఠము తోడైనది. తుదకు 1957 అక్టోబరులో ఆకాశవాణియే వివిధభారతిని స్థాపింపవలసి వచ్చెను.

ఈ చరిత్రలో నాకు ముఖ్యమైనది మంత్రులును గారు, కేంద్రములును గావు. శ్రోతలు వ్రాసిన ఉత్తరములు. నేటి జార్ఖండు రాష్ట్రమున ఝుమ్రీ తిలైయా యను చిన్న పట్టణము కలదు. అది అభ్రకపు గనులకు పేరు వడసినది. కాని దేశమంతట దాని పేరు మారుమ్రోగినది అభ్రకమువలన గాదు. అచ్చటివారు పాటలు కోరుచు రేడియోలకు వ్రాసిన ఉత్తరములవలన. పాట యెట్లును వినబడును గదా, ఉత్తర మేల యని యడుగవచ్చును. పాటకు ముందు తమ పేరు వినబడవలెనని వారి కోరిక. అది చదివింపు కేక వంటిదే.

1986లో ఆదిలాబాదున ఆకాశవాణి కేంద్రము నెలకొన్న తరువాత మన పల్లెలకును ఈ సరదా దగ్గరైనది. 15 పైసల కార్డు మీద పాట పేరును, దానిక్రింద ఆరేడుగురి పేర్లును, చివర "మరియు మిత్రబృందము" అనియు వ్రాసి పంపెడివారము. ఆ మిత్రబృందమున నిజముగా ఎందరుండిరో చెప్పుట కష్టము! ఒకనాడు నిర్మలునుండి నాకొక కార్డు వచ్చినది. వ్రాసినవారిని నే నెరుగను. రేడియోలో విన్న పేరును ఊరును మాత్రమే చిరునామాగా వ్రాసిరి. ఆ దినములలో మిగిలిన చిరునామా పల్లె తపాలా బంట్రోతునకు కంఠస్థము. అందులో మూడే వాక్యములు. మీరు కోరు పాటలే నేనును కోరుచుందును. రెండు వారములుగా మీ పేరు వినబడుట లేదు. కుశలమే గదా?

ఆ మూడవ వాక్యముపై కొంచెము మనసు నిలుపుడు. మెచ్చుకొనువారు లోకమున చాలమంది కలరు. మనము కానరానప్పుడు గుర్తించువారు కొందరే. పేర్ల జాబితా వినుచు, అందులో లేని పేరును కనిపెట్టుటకు ఎంత శ్రద్ధ కావలెను! ఆ నిర్మలు మిత్రునితో నాకు పదునొకండేండ్లు ఉత్తరములు నడచినవి. కలిసికొన్నది రెండుమారులు మాత్రమే. ఆయన కులమేమో నేనడుగలేదు, నా యాస్తి యెంతో ఆయన యడుగలేదు. పాట సంగతి, వాన సంగతి, పిల్లల చదువుల సంగతి వ్రాసికొనెడివారము.

ఇక మన పిల్లవాడు చెప్పిన ఘంటసాల గ్రూపు మాట. 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టి, 1974 ఫిబ్రవరి 11న గతించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠము మనకు కొత్త గాదు. ఆయన గానము చేసిన భగవద్గీతను చావు జరిగిన యింట మాత్రమే పెట్టు నలవాటు మనలో ఎట్లు వచ్చినదో గాని, అది నాకు నచ్చదు. బ్రతికియున్నవారు వినవలసిన గీత యది. ఆ మాట యట్లుండ, ఆయనయు ఒకప్పుడు ఒకరి మంచిమాట యాసరాతో నిలిచినవాడే. విజయనగరమున సంగీతము నేర్చుటకు పోయి మధుకరముతో పొట్ట పోసికొను నాడు పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పిరి. 1942 ఉద్యమమున కారాగారవాసము చేసి వచ్చిన తరువాత మదరాసునకు రమ్మని సముద్రాల రాఘవాచార్యులుగారు ప్రోత్సహించిరి. ఇద్దరికిని ఆయనతో రక్తబంధుత్వము లేదు. పాటయే చుట్టరికము.

ఆయన పాటలపై మక్కువగలవారు నేడు ఫోనులలో గుంపులుగా చేరుచున్నారు. దాని పద్ధతి యిది. యుగళగీతమున ఒకరు తమ వంతు పాడి పంపుదురు. వేరొక యూరిలో, ఒక్కొక్కప్పుడు వేరొక దేశములో నున్నవారు, తీరిక దొరికినప్పుడు రెండవ వంతు పాడుదురు. యంత్రము రెండింటిని జతపరచును. తక్కినవారు విని అభిప్రాయము వ్రాయుదురు. పువ్వుల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు కుప్పలుగా వచ్చును. వానికి నేను పెద్ద విలువ నీయను. "రెండవ చరణమున శ్రుతి జారినది, అచ్చట ఊపిరి ముందుగా తీసికొని మరల పాడుడు" అని వ్రాసినవాడు నిజమైన వంతగాడు. అతడు పాటను తుదివరకు విన్నాడన్నమాట.

మా మండలపు యువకు డొకడు గల్ఫు దేశమున ఇండ్లు కట్టు పనిలో నున్నాడు. మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలనుండి అట్లు వలస పోయిన వారి కథ మీకు చెప్పనక్కరలేదు. ఒక గదిలో ఎనిమిదిమంది. రాత్రి మెట్లమీద కూర్చుండి పాడుట అతని యలవాటు. అతని తండ్రి నాకు పరిచితుడు. ఆయన మరణించినప్పుడు పిల్లవానికి సెలవు దొరకలేదు. దహనమును ఫోనులోనే చూచెను. పిమ్మట పాడుట మానెను. మూడవనాడు గుంటూరు ప్రాంతమునుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, అతని ముఖమెరుగనిది, "తిన్నావా నాయనా?" అని వ్రాసినది. ఓదార్పు పలుకులు గాని వేదాంతము గాని లేవు. మరునాడు వేరొకరు అదే యడిగిరి. తమలో తాము వంతులు వేసికొనిరేమో తెలియదు. నెలకు పైగా దినమునకొకరు అతని నామాట యడుగుచునే యుండిరి. సెలవుపై వచ్చినప్పుడు ఆ వ్రాతలన్నియు అతడే నాకు చూపెను. తిరిగి పాడిన మొదటి పాటను గూడ వినిపించెను. అది గొప్పగా లేదు. శ్రుతి రెండుచోట్ల తప్పినది. ఆ దినమున మాత్రము ఎవరును ఆ సంగతి వ్రాయలేదు.

అట్లని ఫోనులోని ప్రతి గుంపును నేను మెచ్చను. సినిమా తారల పేర సంఘములు కట్టి ఒకరి గోడపత్రిక నొకరు చింపుకొనుట, బొమ్మలపై బిందెలతో పాలు కుమ్మరించుట మనము చూచినదే. అయితే ఆ సంఘములవారే వరుసలో నిలిచి రక్తము నిచ్చుటయు కలదు. 1998లో చిరంజీవిగారి పేర హైదరాబాదున వెలసిన రక్తనిధికి బలము అభిమానులే. అభిమానము వాగు వంటిది. గట్టు ఎటువైపు వేసిన అటు పారును.

వేరొక భయము మీకు న్యాయముగనే కలదు. స్నేహము నటించి సొమ్ము కాజేయువారు ఫోనులలో పొంచియున్నారు. పాటను గూర్చి ఒక మాటయు లేక, పరిచయమైన వారముననే ఆస్పత్రి ఖర్చనియు, పోగొట్టుకొన్న సంచి యనియు డబ్బడుగువాడు వంతగాడు గాడు. బ్యాంకునుండి ఫోనునకు వచ్చు అంకెలను ఎవ్వరికిని చెప్పరాదని పిల్లలకు గట్టిగా చెప్పుడు, మీరును చెప్పకుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది ఆ సొమ్మును పట్టి నిలుపుట కష్టమగును.

దొంగల భయముచేత ఫోను లాగికొన్నచో వంతయు పోవును. అంతకంటె సులభమైన పని యొకటి కలదు. ఈ రాత్రి పిల్లవాడు గోడ కానుకొని కూర్చున్నప్పుడు ప్రక్కన కూర్చుండి, ఆ పాట మాకును వినిపింపుమని యడుగుడు. అందులో రెండు కంఠము లుండును. ఒకటి వానిదే. రెండవది ఎవరిది, ఏ యూరు, వారి యింట నందరు కుశలమా యని యడుగుడు. వాడు చెప్పుటకు మొదలు పెట్టినచో భోజనమునకు కొంత ఆలస్యమగును.