చర్మం ఊడిపోకుండా పట్టి ఉంచేది ఏమిటి?



"నోరు పూసింది సిస్టరమ్మా, వేడి చేసింది" అంటూ మా దగ్గరికి వచ్చేవారు చాలామంది. ఎక్కువమందికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం నెలలు గడిచినా తగ్గదు. తరువాత ఒంటిమీద నీటి బొబ్బలు లేస్తాయి. ఏ బొబ్బను తేలికగా తీసుకోవచ్చు, దేనికి వెంటనే డాక్టరును కలవాలి అన్నది ఈ నెల చెప్పదలిచాము. ముందుగా మన చర్మం ఎలా అతుక్కుని ఉంటుందో చూద్దాము.

కణాల గోడ

పైచర్మం, నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర, ఇవన్నీ ఉపకళా కణాలతో తయారైనవి. డాక్టర్లు వీటిని ఎపిథీలియల్ కణాలు అంటారు. మన ప్రాంతంలో నాపరాళ్లు పేర్చి గోడ కట్టినట్లు ఈ కణాలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. అయితే గోడలో రాళ్లను సిమెంటు పట్టుకుంటుంది. ఒంట్లో కణాలు తమంతట తామే ఒకదానినొకటి పట్టుకుంటాయి.

ఈ పట్టు నాలుగు రకాలు. పేగుల్లో కజ్జికాయ అంచు నొక్కి మూసినట్లు కణాల అంచులు బిగుసుకుని ఉంటాయి. అందువల్ల పేగులోనిది సందుల గుండా ఇష్టం వచ్చినట్లు లోపలికి కారిపోదు. ఆ అంచుల కిందనే పక్కపక్క కణాలను నడుముకు పట్టీ కట్టినట్లు కలిపే అతుకులు ఉంటాయి. వీటికి కాల్షియం అవసరం. మూడవవి పక్కింటి గోడలో చిన్న కిటికీల వంటివి. వాటి గుండా కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి.

చర్మానికి అన్నిటికంటే ముఖ్యమైనవి నాలుగవవి, డెస్మోజోములు. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్ వంటివి ఇవి. బటన్ సగం ఒక కణానిది, సగం పక్క కణానిది. కణం లోపల కెరటిన్ అనే గట్టి దారాలు వచ్చి ఈ బటన్లకే కట్టుకుని ఉంటాయి. అందుకే చర్మాన్ని లాగినా, రుద్దినా అంత తొందరగా చిరగదు.

అన్నిటికంటే కింది వరుస కణాలు నేలను పట్టుకోవాలి. ఆ నేల ఆధార త్వచం అనే పలుచని పొర. అక్కడ సగం బటన్లు మాత్రమే ఉంటాయి. ఆ పొర కింద నుండి కొల్లాజెన్ దారాలు లంగరు వేసినట్లు లోపలి చర్మాన్ని పట్టుకుంటాయి.

ఎక్కడ పట్టు వదిలితే అక్కడ బొబ్బ

ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే పనిలో కొత్తగా చేరిన కుర్రవాడికి సుత్తి, ఉలి పట్టగానే అరచేతిలో బొబ్బలు వస్తాయి. ఒరిపిడికి పైచర్మంలోని కణాల మధ్య చీలిక వచ్చి నీరు చేరుతుంది. కింది వరుస చెక్కుచెదరదు కనుక కొన్ని రోజుల్లో మానిపోతుంది. పని అలవాటైన కొద్దీ చేతులు కాయలు కాస్తాయి. ఈ బొబ్బను చిదపకండి. పైపొరే దానికి మంచి కట్టు. షుగర్ ఉన్నవారికి కాలిమీద బొబ్బ వస్తే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి.

పెంఫిగస్ అనే జబ్బు వేరు. ఇందులో మన శరీరాన్ని కాపాడవలసిన యాంటీబాడీలే ఆ టిచ్ బటన్ల మీద దాడి చేస్తాయి. కణాలు విడిపోతాయి. చాలామందికి మొదట నోట్లో పుండ్లు వస్తాయి, తరువాత ఒంటిమీద వదులు బొబ్బలు లేచి తొందరగా పగులుతాయి. మన దేశంలో ఇటువంటి బొబ్బల జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. స్టెరాయిడ్లు రాకముందు ఇది వచ్చినవారిలో ఎక్కువమంది చనిపోయేవారు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రిచా పల్స్ చికిత్స ప్రవేశపెట్టారు. నేడు రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ కూడా ఉంది. త్వరగా వస్తే చాలామంది కోలుకోగలరు.

ముసలివారిలో మొదట దురద, తరువాత బిగువైన బొబ్బలు వచ్చే జబ్బు ఇంకొకటి ఉంది. అందులో నేల దగ్గరి పట్టు దెబ్బతింటుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ అతుకుల్లో లోపం ఉండి, ముట్టుకుంటేనే బొబ్బలు లేస్తాయి. వీటిలో కొన్ని రకాలు మేనరికపు పెళ్లిళ్లలో పుట్టినవారికి వచ్చే అవకాశం ఎక్కువ. తల్లికి, తండ్రికి పైకి కనిపించకుండా ఆ లోపం ఉంటే, ప్రతి కాన్పులోనూ 4లో ఒక వంతు అవకాశం ఉంటుంది. పెళ్లి కుదుర్చుకునే ముందు పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి.

ఇంట్లో పాటించవలసినవి

1. నోటి పుండు 2 వారాలు దాటినా మానకపోతే డాక్టరుకు చూపించండి. గుట్కా, ఖైనీ వాడేవారు అసలు ఆలస్యం చేయకూడదు. క్యాన్సర్ కణాలు పక్క కణాల పట్టు వదిలి, ఆధార త్వచాన్ని దాటి లోపలికి పాకుతాయి.

2. స్టెరాయిడ్ మాత్రలు తగ్గినట్లు అనిపించగానే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. డాక్టరు చెప్పిన ప్రకారమే తగ్గించాలి. షుగరు, బి.పి. పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

3. బొబ్బల రోగికి ప్లాస్టరు అంటించవద్దు, పీకవద్దు. పక్కమీద ఈడ్చవద్దు. ఇద్దరు కలిసి ఎత్తి జరపండి. పుండ్లకు గుడ్డ అంటుకోకుండా శుభ్రం చేసిన అరటి ఆకు పరచడం మన దేశపు ఆసుపత్రుల్లో ఉన్న పద్ధతే. మహానంది చుట్టూ అరటి తోటలకు కొదవ లేదు.

4. బొబ్బల బిడ్డను చంకల కింద పట్టి ఎత్తవద్దు. మెడ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తండి.

5. బొబ్బల మీద ఆకు పసర్లు, సున్నం పూయవద్దు. చీము పడుతుంది.

చివరిగా ఒక మాట. మేము చెప్పిన ఈ మూడు జబ్బులు అంటువ్యాధులు కావు. ఎవరి పాపానికో వచ్చిన శిక్ష అంతకంటే కాదు. ఇటువంటి రోగికి కంచం, గ్లాసు వేరు పెట్టవద్దు. గుడిలో పక్కన కూర్చోవడానికి, ప్రభువు బల్ల దగ్గర కలిసి మోకరించడానికి వెనుకాడవద్దు. అపొస్తలుడైన పౌలు సంఘాన్ని శరీరంతో పోల్చాడు. చర్మం విడిపోతున్న మనిషిని మనుషులు విడిచిపెట్టకూడదు. ఇటువంటి వారు మీ ఇంట్లో గాని, వీధిలో గాని ఉంటే తీసుకురండి. అవసరమైతే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి ఎలా వెళ్లాలో దారి చూపిస్తాము.

ప్రభువు మీకందరికీ ఆరోగ్యము దయచేయును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది