కంసాలి కుంపటిలో రాయల వరహాలు

1565 జనవరి 23వ తేదీన రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు శిరస్సు గోల్పోయెను. తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను, బొక్కసమును వెంటగొని పెనుగొండకు తరలిపోయెను. 550 ఏనుగులపై ధనము పోయెనని వాడుక. ఆ లెక్కను గూర్చి మేము వాదింపము. ఏనుగులు లేనివారి మాట మాకు ముఖ్యము. ఇంటి మూల కుండ పాతి, మరల వత్తుమనుకొని పోయినవా రెందరో యుండియుందురు. రానివారి కుండలే యిప్పటికిని నాగలికి తగులు నిక్షేపములు.

అట్టి కుండ యొక సాక్షి. వరహా యెత్తు ఇంచుమించు 3.4 గ్రాములు. కృష్ణరాయల వరహాపై బాలకృష్ణుడు, సదాశివరాయల పేరుగల వానిపై లక్ష్మీనారాయణులు, తిరుమలరాయల వానిపై సీతారామలక్ష్మణులు కానవత్తురు. కుండలోని వరుస సదాశివరాయలతో నాగినచో, అది ఆ కల్లోలమున పాతినదేమో యని తలపవచ్చును. తిరుమలరాయల నాణెమొక్కటి యున్నను తరువాతిదనుట నిశ్చయము. కావున నాలుగు నాణెములు తీసి పంచుకొన్నను సాక్ష్యము చెడును. దస్తావేజున కడపటి పుట చింపినట్లే.

చట్టమేమనును? 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెను. హక్కుదారు తేలక, వేరు ఒడంబడికయు లేనిచో, వానికి ముక్కాలు పాలు, భూస్వామికి కాలు పాలు. సర్కారు తీసికొనదలచిన లోహపు వెలకు ఐదవ వంతు చేర్చి యీయవలెను. దాచినవానికి ఏడాదివరకు ఖైదు. కాగితముపై న్యాయమే. కాని ప్రకటన వెలువడిన పిదప విచారణకు నాలుగు మాసములైన ఆగవలెను. కంసాలి సాయంకాలమునకే రొక్క మిచ్చును. పైగా ఐదవ వంతు లోహమునకు గాని, చరిత్రకు వెల కట్టిన వారెవరు? రైతును దొంగయనుటకు ముందు ఈ జాప్యమును తగ్గింపవలెనని మా యభిప్రాయము.

మరియొక చిక్కు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి, హంపి మైసూరునకును చెందెను. 1962లో మైసూరు వేరొక నిక్షేప చట్టము చేసికొనెను. రాయల కాలమున ఒక్కటిగానున్న నేలలో గట్టు కీవల దొరకిన వరహాకొక చట్టము, ఆవల దొరకిన దానికొక చట్టము!

ఆ ప్రాంతమున బంధువులుగల వకీళ్లు మన రాజధానిలో తక్కువ లేరు. రైతు కలెక్టరునకు పంపవలసిన చీటిలో వస్తువు, మొత్తము, చోటు, తేదీ యున్న చాలును. సెలవులకు పోయినపుడు వ్రాసి యిచ్చి రావచ్చును; ఫీజు అడుగకుండిన మరియు మంచిది.