బగ్ అంటే పురుగేనా? మీ ఫోన్‌లో ఉన్నది నిజంగా బగ్గేనా?

ఫోన్ సతాయిస్తోందని తీసుకెళ్తే చాలు, “బగ్ అండీ, అప్‌డేట్ వస్తే పోతుంది” అనేస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు అనుమానమే.

బగ్ అంటే పురుగు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్ రిలేలో ఓ రెక్కల పురుగు దొరికితే, దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. ఆ పుస్తకం అమెరికాలో స్మిత్‌సోనియన్ వాళ్ల మ్యూజియంలో భద్రంగా ఉంది. పేరు అక్కడే పుట్టిందని చాలామంది రాస్తారు గానీ, కాదు. యంత్రాల్లో వచ్చే చిక్కులను థామస్ ఎడిసన్ 1878లోనే తన ఉత్తరాల్లో బగ్స్ అన్నాడు.

రివ్యూల్లో నేను మాత్రం సాఫ్ట్‌వేర్ లోపాన్నే బగ్ అంటాను. ఛార్జింగ్ పోర్ట్ లూజైతే అది బగ్ కాదు. స్క్రీన్ మీద పచ్చ గీత పడిందా? స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌లో చూడండి. అందులోనూ గీత కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించొచ్చు. కనిపించలేదంటే లోపం డిస్‌ప్లే వైపే, గీత అప్‌డేట్ తర్వాత వచ్చినా సరే. అలాంటప్పుడు ఇంకో అప్‌డేట్ కోసం ఎదురుచూడకుండా, వారంటీ ఉండగానే సర్వీస్ సెంటర్‌లో జాబ్‌షీట్ రాయించుకోండి. తేదీ, సమస్య రెండూ అందులో స్పష్టంగా ఉండాలి.