ఇంట్లో పెంచే ‘క్రిస్మస్ ట్రీ’: అపోహలు – వాస్తవాలు

కడియం మొదలుకొని హైదరాబాద్ శివార్ల వరకు ఏ నర్సరీకి వెళ్లినా, గొడుగు మీద గొడుగు పరిచినట్టు అంతస్తులుగా కొమ్మలు చాచిన మొక్క కనిపిస్తుంది. ‘క్రిస్మస్ ట్రీ’ అని చేతికిస్తారు. దాని పేరు అరకేరియా. పేరు తెలిస్తే స్వభావం తెలుస్తుంది, స్వభావం తెలిస్తేనే మొక్క బతుకుతుంది.

అపోహ: ఇది పైన్ చెట్టు.

వాస్తవం: పైన్‌కు సూదుల్లాంటి ఆకులు రెండు, మూడు, ఐదు చొప్పున కట్టలుగా వస్తాయి. అరకేరియాకు విడివిడిగా, కొమ్మను చుట్టుకుని వస్తాయి. నార్‌ఫోక్ పైన్ అని పిలుస్తున్నా దీని కుటుంబం వేరు.

అపోహ: సూదుల్లాంటి ఆకులుంటే కోనిఫరే (పూలకు బదులు శంకువులు కాసే చెట్టే), మన సరుగుడులాగా.

వాస్తవం: సరుగుడు పూలు పూసే చెట్టు. దాని ‘సూది’ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగండి, కణుపు దగ్గర ఊడొస్తుంది. ఆ కణుపు చుట్టూ సన్నని పళ్లలా ఉన్నవే అసలైన ఆకులు. మనం ఆకు అనుకునేది సన్నని రెమ్మ. అరకేరియా మాత్రం నిజమైన కోనిఫర్.

అపోహ: చలి ప్రదేశాల మొక్క, మన దగ్గర బతకదు.

వాస్తవం: దీని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని నార్‌ఫోక్ దీవి. 1774లో కెప్టెన్ కుక్ అక్కడ దిగినప్పుడు ఈ చెట్లను చూసి ఓడల స్తంభాలకు పనికొస్తాయనుకున్నాడు. గడ్డకట్టే చలికి ఇది తట్టుకోలేదు, ఉప్పుగాలికి తట్టుకుంటుంది. అందుకే మన కోస్తాకు బాగా నప్పుతుంది. తెలంగాణ, రాయలసీమ ఎండల్లో మాత్రం వేసవి మధ్యాహ్నాలు నీడ కావాలి.

అపోహ: ఇండోర్ మొక్క కాబట్టి ఏ మూలనైనా పెట్టవచ్చు.

వాస్తవం: నా మొదటి మొక్కను హాల్లో చీకటి మూలన పెట్టాను. కొన్ని నెలల్లో కింది రెండు అంతస్తులు గోధుమరంగుకు తిరిగి రాలిపోయాయి. అవి మళ్లీ రాలేదు, ఎవరికీ రావు. బాగా వెలుతురొచ్చే కిటికీ పక్కన పెట్టి, వారానికోసారి కుండీని కాస్త తిప్పండి. పై మట్టి ఆరాకే నీళ్లు పోయండి, కుండీ అడుగున నిలవనీయకండి.

అపోహ: తల తుంచితే గుబురవుతుంది, పక్క కొమ్మ నాటితే కొత్త చెట్టొస్తుంది.

వాస్తవం: తల తుంచితే ఆ అందమైన ఆకారం పోతుంది. పక్క కొమ్మ వేరు పట్టినా అడ్డంగానే సాగుతుంది, నిటారుగా లేవదు. విత్తనంతో పెంచడమే మేలు.

అపోహ: వంగిన చెట్టుకు జబ్బు చేసినట్టే.

వాస్తవం: ఒరిగింది అసలు నార్‌ఫోక్ పైనే కాకపోవచ్చు. ఆ పేరుతో దాని దగ్గరి చుట్టం, న్యూ కాలెడోనియాకు చెందిన కుక్ పైన్‌ను అమ్మడం మామూలే. లేత మొక్కల్లో తేడా పట్టడం కష్టం. ఎదిగాక కుక్ పైన్ సన్నగా స్తంభంలా ఉంటుంది, బెరడు పొరలుగా ఊడుతుంది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, అయిదు ఖండాల్లో కొలిచిన 256 కుక్ పైన్లు సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు భూమధ్యరేఖ వైపు ఒరిగి ఉన్నాయి. అంటే మన దగ్గర దక్షిణానికి ఒరగడం దాని సహజ గుణమే.

కుండీలో నెమ్మదిగా ఎదిగే ఈ మొక్క నేలలో యాభై మీటర్లు దాటగలదు. గోడ పక్కన, కరెంటు తీగల కింద నాటకండి. కొనేటప్పుడు ముందు కొన చూడండి. అది విరగకుండా, లేతపచ్చగా ఉన్న మొక్కనే ఇంటికి తెచ్చుకోండి.